ఇంగ్లీషువాని ఫ్రెంచి వ్యాకరణము

కొన్ని సంవత్సరముల క్రిందట పారిస్ నగరములోని పాత పుస్తకముల అంగళ్ళను గూర్చిన ప్రసంగ మొకటి మా కేంద్రమునుండి ప్రసారమైనది. దానికి పరిచయవాక్యములు మేమే వ్రాసి, మేమే చదివితిమి. మూలములో 'లిబ్రేరీ' అను ఫ్రెంచి మాట యున్నది. ఇంగ్లీషు 'లైబ్రరీ'కి అది తోబుట్టువే కదా యని సందేహింపక 'గ్రంథాలయములు' అని చదివివేసితిమి. నాలుగు దినములలో యానామునుండి ఒక కార్డు వచ్చినది. వ్రాసినవారు చిన్ననాట అచటి ఫ్రెంచి బడిలో చదువుకొని, పిమ్మట ఉపాధ్యాయులుగా పనిచేసిన వయోవృద్ధులు. "అయ్యా, లిబ్రేరీ యనగా పుస్తకములు అమ్ము దుకాణము. గ్రంథాలయమును బిబ్లియోతెక్ అందురు. మీరు ఫ్రెంచిని ఇంగ్లీషు పుస్తకమునుండి నేర్చినట్లున్నారు." ఇంతే, మూడు వాక్యములు.

మూడవ వాక్యము మమ్ము చాల దినములు వెంటాడినది. అది నిజము. యానాము 1954 వరకు ఫ్రెంచివారి యేలుబడిలో నుండినది. 1956 నాటి ఒప్పందము 1962లో అమలునకు వచ్చుటతో చట్టరీత్యా గూడ భారతదేశమున చేరినది. ఆ చిన్న పట్టణమువారు ఫ్రెంచిని ఫ్రెంచివారి నోటనే వినిరి. మిగిలిన తెలుగువారికి ఫ్రెంచి వచ్చిన దారి సాధారణముగా ఇంగ్లీషే. మన చేతికి వచ్చు వ్యాకరణము పెక్కు పర్యాయములు ఇంగ్లీషు విద్యార్థికై వ్రాసినది. వానికి ఏది కష్టమో దానినే అది కష్టమనును. వానికి ఏది సులభమో దానిని రెండు పంక్తులలో దాటివేయును. కనుక ఇంగ్లీషువాడు ఫ్రెంచి వ్యాకరణముకడ ఎచట తడబడునో, ఏల తడబడునో ముందు తెలిసికొన్నగాని, ఆ తడబాటులో మన వంతు ఎంతయో తేలదు. (ఫ్రెంచి ధ్వనులకు మన లిపి పూర్తిగా చాలదు. ముక్కుతో పలుకు అచ్చునకు గుర్తుగా అరసున్నను వాడుచున్నాము.)

ఇంగ్లీషువానికి మొదటి మోసము మాటలలో నున్నది. 1066లో నార్మండీ ప్రభువు విలియము ఇంగ్లండును జయించిన తరువాత దాదాపు మూడువందల సంవత్సరములు అచటి దొరల భాష ఫ్రెంచి. న్యాయస్థానములలో వాదములు ఇంగ్లీషులో జరుగవలెనని శాసనము వచ్చుటకు 1362 వరకు ఆగవలసివచ్చినది. ఈ కాలమున వేలకొలది ఫ్రెంచి మాటలు ఇంగ్లీషులో చేరినవి. దొడ్డిలో నున్నంతవరకు గొఱ్ఱె 'షీప్' అను ఇంగ్లీషు మాట. దొర పళ్ళెరములోనికి వచ్చునప్పటికి 'మటన్' అను ఫ్రెంచి మాట. కావున నేటి ఇంగ్లీషువాడు ఫ్రెంచి పత్రిక తెరచినచో సగము మాటలు ఎరిగినవారి ముఖములవలె కనబడును. ఈ భాష నాకు వచ్చినట్లేయని మొదటి నెలలో సంతోషించును. కాని ఆ ముఖములలో కొన్ని ఎనిమిదివందల సంవత్సరములలో మారిపోయినవి. 'అతాఁద్ర్' అనగా హాజరగుట కాదు, నిరీక్షించుట. 'దెమాఁదే' అనగా దబాయించి అడుగుట కాదు, ఊరక అడుగుట. మా 'లిబ్రేరీ' సంగతి చెప్పనే చెప్పితిమి. అయినను మాట తప్పులు కార్డు ముక్కతో దిద్దుకొనవచ్చును. మూడవ నెలలో పుస్తకము మూయించునది వ్యాకరణము.

అందు మొదటిది లింగము. ఫ్రెంచిలో ప్రతి నామవాచకము పుంలింగమో, స్త్రీలింగమో కావలెను, మూడవది లేదు. పుస్తకము పురుషుడు, బల్ల స్త్రీ. పుంలింగమునకు ముందు 'లె', స్త్రీలింగమునకు ముందు 'లా' చేర్తురు: లె లీవ్ర్, లా తాబ్ల్. కావలి కాయు సిపాయి ఎంత మీసములవాడైనను 'సాఁతినెల్' అను మాట స్త్రీలింగమే. ఇంగ్లీషువానికి ఇది కేవలము మూఢాచారముగా తోచును. వాడు మరచినదేమనగా, వాని భాషయందును వెయ్యేండ్ల క్రిందట ఇదే యాచారము నడిచినది. ప్రాచీనాంగ్లములో సూర్యుడు స్త్రీలింగము, చంద్రుడు పుంలింగము. నేటి 'వైఫ్' అను మాటకు మూలమైన పదము నపుంసకలింగము! సంస్కృతము చదివినవారికి ఇందులో వింత లేదు. భార్యకు పర్యాయములలో 'భార్య' స్త్రీలింగము, 'దార' పుంలింగము, 'కళత్రము' నపుంసకలింగము. లింగము మాటకుగాని మనిషికి కాదని మన పండితులు ఏనాడో గ్రహించిరి.

అయితే సంస్కృతము నెరుగని తెలుగువానికి ఈ ఘట్టము ఇంగ్లీషువానికంటె సులభమని చెప్పజాలము. తెలుగున మహత్తు, అమహత్తు అను భేదము అర్థమును బట్టి యేర్పడినది. బండి వచ్చినది, ఆమె వచ్చినది, అతడు వచ్చినాడు. ఇందు బట్టీ పట్టవలసినది లేదు. హిందీ నేర్చునపుడు రొట్టె స్త్రీయా పురుషుడా యని తల గోకికొన్నవారే ఫ్రెంచిలోను గోకికొందురు. ఉపాయము ఒక్కటే కలదు. నామమును ఒంటరిగా నేర్వరాదు. 'తాబ్ల్ అనగా బల్ల' అని వ్రాసికొనక, 'లా తాబ్ల్' అని ఒకే మాటగా నోటికి పట్టింపవలెను. 'సియొఁ' అని ముగియునవి దాదాపు అన్నియు స్త్రీలింగములు, 'ఆజ్' అని ముగియునవి సాధారణముగా పుంలింగములు అని సూత్రములు లేకపోలేదు. కాని పుట, పంజరము, బొమ్మ, సముద్రతీరము అను నాలుగు నిత్యవ్యవహారపు మాటలే ఆ రెండవ సూత్రమును ధిక్కరించి స్త్రీలింగములైనవి.

లింగమునకు తోకగా మరియొక చిక్కు. ఇంగ్లీషులో 'హిజ్', 'హర్' అనునవి సొంతదారుని బట్టి మారును. తెలుగునను అంతే: వాని తల్లి, ఆమె తల్లి. ఫ్రెంచిలో సొత్తును బట్టి మారును. తల్లి స్త్రీ గనుక 'సా మేర్'. తండ్రి పురుషుడు గనుక 'సొఁ పేర్'. 'సా మేర్' అనగా వాని తల్లియు కావచ్చును, ఆమె తల్లియు కావచ్చును. వ్యాజ్యములలో వకీళ్ళకు ఇది ఎట్లున్నదో తెలియదుగాని, అభ్యాసపుస్తకములో మాకు చాల ఎఱ్ఱసిరా తెచ్చిపెట్టినది.

ఇప్పుడు ఇంగ్లీషువాడు కష్టమని గుండెలు బాదుకొను కొన్ని ఘట్టములకు వత్తము. వీనిలో మనము వానితో కలిసి ఏడువ నక్కరలేదు. 'త్యూ' అనగా నీవు, 'వూ' అనగా మీరు. ఎవరిని ఏమని పిలువవలెనో తెలుపుటకు ఇంగ్లీషు గ్రంథములు పుటలు పుటలు నింపును. వారికిని పూర్వము 'దౌ', 'యూ' అను భేదము ఉండెడిది. మర్యాద వాక్కు అందరికిని పంచిపెట్టి, చనవు వాక్కును ప్రార్థనలలో దాచిరి. తత్ఫలితముగా నేటి ఇంగ్లీషు బాలుడు 'దౌ' అనునది గౌరవవాచకమని భ్రమించును! పిన్నవానిని నీవనియు, కొత్తవారిని మీరనియు పిలుచుట మనకు ఉగ్గుతో వచ్చిన విద్య. ఒక్కరినే పిలిచినను 'వూ' తరువాత క్రియ బహువచనములో నుండుటయు మన 'మీరు వచ్చితిరి' వంటిదే.

వాక్యములో మాటల వరుసయు నట్టిదే. ఇంగ్లీషువాడు 'ఐ సీ హిమ్' అనును. కర్మ క్రియకు వెనుక. ఫ్రెంచివాడు 'జె లె వ్వా' అనును: నేను, వానిని, చూచుచున్నాను. 'జె వూ లె దొన్': నేను, మీకు, దానిని, ఇచ్చుచున్నాను. సర్వనామములు క్రియకు ముందు నిలుచు ఈ వరుసను నేర్పుటకు మా పుస్తకము ఒక పెద్ద పట్టిక వేసి, దానిని కంఠస్థము చేయుమని హెచ్చరించినది. మేము బుద్ధిమంతులమై కంఠస్థము చేసితిమి. ఆ రెండు వాక్యములను పట్టిక అక్కరలేకయే తెలుగు వరుసలో చెప్పవచ్చునని తోచుటకు మాకు ఆరు నెలలు పట్టినది. ('నేను దానిని అతనికి ఇచ్చితిని' అనునపుడువలె కొన్నిచోట్ల 'అతనికి', 'దానిని' అనువాని క్రమము స్థిరముగా నుండును, పట్టిక అంతమేరకు అవసరమే. నామవాచకము కర్మయైనపుడు మాత్రము అది ఇంగ్లీషులోవలె వెనుకకే పోవును.)

అన్నిటికంటె మాకు ఆశ్చర్యము కలిగించినవి 'నాకు' వాక్యములు. ఈ పుస్తకము నాకు నచ్చినది అనుటకు ఇంగ్లీషువాడు తానే కర్తయై 'ఐ లైక్ దిస్ బుక్' అనును. ఫ్రెంచివాడు 'సె లీవ్ర్ మె ప్లే' అనును. ఇందు నచ్చునది పుస్తకము, నాకు నచ్చినది. 'ఇల్ మె ఫో' అనగా నాకు కావలెను. ఇట్టి వాక్యములను ఇంగ్లీషు వ్యాకరణము తలక్రిందులైన నిర్మాణమనును. మనలను అడిగినచో ఇంగ్లీషే తలక్రిందులుగా నున్నదని చెప్పియుందుము. ఎరుకయందును ఇట్లే. ఇంగ్లీషులో అన్నిటికిని 'నో' అను ఒక్క క్రియ. ఫ్రెంచిలో సంగతి తెలియుటకు 'సావ్వార్', మనిషిని ఎరుగుటకు 'కొనేత్ర్'. ఆయనను నేనెరుగుదును, ఆయన ఎప్పుడు వచ్చునో నాకు తెలియదు అను మనకు ఈ రెంటిని వేరుచేసి నేర్పవలసిన పని స్వల్పము.

భూతకాలమును గూర్చి ఒక చిన్న ప్రతీకారము కలదు. మన పిల్లలు ఇంగ్లీషులో 'ఐ హావ్ సీన్ హిమ్ యెస్టర్డే' అని వ్రాసి మాస్టరుచేత చీవాట్లు తినని తరగతి యుండదు. నిన్న యను మాటతో 'హావ్' కూడదని సూత్రము. ఫ్రెంచిలో సరిగా ఆ వాక్యమే శుద్ధము: 'జె లే వ్యూ ఇయేర్'. ఇచట ఇంగ్లీషువాడు తన మాస్టరు పెట్టిన భయమును విడిచి, మన పిల్లవాడు చేసిన తప్పును అభ్యసింపవలసియున్నది! వచ్చుట, పోవుట, పుట్టుట, చచ్చుట వంటి కొన్ని క్రియలకు మాత్రము 'హావ్'నకు బదులు 'ఉండు' క్రియ చేరును. ఇంగ్లీషులో గూడ పూర్వము 'హీ ఈజ్ కమ్' అనుచుండిరి. పాత గ్రంథములు చదివినవారు దీనిని గుర్తింతురు.

మరియు ఫ్రెంచిలో పుస్తకములకే పరిమితమైన భూతకాలము మరియొకటి కలదు. 'ఇలె వెన్యూ' అనునది నోటి మాట. 'ఇల్ వాఁ' అనునది కథలలోను చరిత్రలలోను కనబడు మాట. రెంటికిని అర్థము ఒకటే. సంభాషణలో రెండవదానిని వాడినచో ఎదుటివారు నవ్వుదురు. నోటితో పలుకని క్రియను ఏల నేర్వవలెనని ఇంగ్లీషు విద్యార్థి విసుగుకొనును. 'వచ్చాడు' అని మాటలాడి 'వచ్చెను' అని వ్రాయు మనకు ఈ ప్రశ్న వేయు అధికారము లేదు. ఈ వ్యాసమును ఇంట ఎవరితోనైన ఇదే భాషలో మాటలాడి చూచినచో ఫ్రెంచివారి నవ్వు ఎట్టిదో తెలియును.

ఇంతవరకు చెప్పినది కంటితో నేర్చు వ్యాకరణము. అసలు ప్రమాదము చెవిలో నున్నది. రేడియోలో పనిచేయువారము గనుక దీనినిగూర్చి మేము కొంత అధికముగా చెప్పుదుము.

మా పుస్తకములో 'మాట్లాడు' క్రియకు వర్తమానకాలమున ఆరు రూపములు చక్కగా ముద్రించియున్నవి. కాగితముపై ఐదు వేర్వేరు రూపములు. వానిని చూచి భయపడి రాత్రులు వల్లించితిమి. నేను, నీవు, అతడు, వారు అను నాలుగింటికి నోట పలుకునది ఒక్కటే: 'పర్ల్'. చివరి అక్షరములు వ్రాతలో మారునుగాని పలుకవు. మనము, మీరు అనువానికి మాత్రము 'పర్లొఁ', 'పర్లే' అని మారును. అనగా కన్నునకు ఐదు, చెవికి మూడు.

దీని ఫలితము పెద్దది. ఇంగ్లీషువాడు బహువచనమునకై మాట చివర వినును, 'బుక్', 'బుక్స్'. మనమును చివరనే విందుము, పుస్తకము, పుస్తకములు. ఫ్రెంచిలో బహువచనమునకు చివర వ్రాయు 'స' కారము పలుకదు. పుస్తకము 'లె లీవ్ర్', పుస్తకములు 'లే లీవ్ర్'. భేదమంతయు మొదటి 'లె', 'లే'లలో నున్నది. తోకను పట్టుకొనుటకు అలవాటుపడిన చెవికి, తల అప్పటికే దాటిపోయియుండును. అందుచేతనే అయిదేండ్లు వ్యాకరణము చదివి పరీక్షలలో మంచి మార్కులు తెచ్చుకొన్నవాడు గూడ ఫ్రెంచి ప్రసారము పెట్టినపుడు ఒక్క వాక్యము పట్టలేక, నాకు భాషాప్రజ్ఞ లేదని నిరాశపడును. ప్రజ్ఞ లేకపోవుట కాదు. వినవలసినచోట వినుట లేదు.

విశేషణముల సూత్రమును గూడ కన్ను తారుమారు చేసినది. పుంలింగమునకు 'ఎ' చేర్చిన స్త్రీలింగమగునని పుస్తకము. ఆ 'ఎ' సాధారణముగా వినబడదు. వినబడునది దాని ముందరి హల్లు. చిన్నది 'పెతీత్', చిన్నవాడు 'పెతీ'. పెద్దది 'గ్రాఁద్', పెద్దవాడు 'గ్రాఁ'. చెవిని నమ్మినచో ఇట్టివానిలో స్త్రీలింగమునుండి చివరి హల్లును తీసివేయగా పుంలింగము వచ్చును. చేర్చుటకంటె తీసివేయుట సుళువు గదా! పైగా ఈ 'త', 'ద'లు మన తకార దకారములవలె దంత్యములు. ఇంగ్లీషువాడు తన టకార డకారములతో వానిని పలికి, తాను పరదేశినని మొదటి మాటలోనే చాటుకొనును.

తెలుగు వ్యాకరణము చదివినవారికి ఇచట ఒక పాత మిత్రుడు ఎదురగును. పలుకని ఆ చివరి హల్లులు పూర్తిగా చచ్చినవి కావు. తరువాత అచ్చు వచ్చినచో కొన్ని లేచి పలుకును. 'లే' తరువాత 'ఆమీ' అనగా మిత్రుడు అను మాట వచ్చినచో 'లేజామీ' అగును. 'అతడు ప్రేమించును' అనునది 'ఇలేమ్'. 'వారు ప్రేమింతురు' అనునది 'ఇల్‌జేమ్'. మధ్య వచ్చిన ఆ 'జ' ధ్వనియే బహువచనమునకు ఆధారము. ఇంగ్లీషు గ్రంథములు దీనినొక విచిత్రమైన శ్రావ్యతా నియమముగా వర్ణించును. మన ద్రుతమును తలచుకొనుడు. 'వచ్చె' అని విరమించిన చోట కనబడని నకారము, 'అని' అను మాట తగిలినంతనే 'వచ్చెనని' యని లేచి వచ్చును గదా. రెండును అచ్చముగా ఒకటి యనము. ఒకటి వచ్చినవానికి రెండవది వింత కాదందుము. ఇక 'లె' అనుదాని అచ్చు లోపించి 'లామీ' యగుట మన ఉత్వసంధికి దగ్గరి బంధువు.

ఈ సంగతి యానాము పెద్దలకు వ్రాసినపుడు వారు వెంటనే ప్రత్యుత్తరమిచ్చిరి. తాము బడిలో నున్నపుడు ఫ్రెంచి పంతులు ఈ చేరికలను తాళము వేసి చదివించెడివారనియు, ద్రుతముతో పోలిక తమకు తోచలేదనియు, ఏలయన ఆ బడిలో తెలుగు వ్యాకరణము అంతగా చెప్పలేదనియు వ్రాసిరి. మేము ఒక భాషను ఇంగ్లీషుద్వారా చూచితిమి; వారు తమ మాతృభాషను బడిలో చూడనే లేదు. ఎవరి లోపము వారిది.

మిగిలిన ఘట్టములలో 'సుబ్జొఁక్తీఫ్' అను క్రియారూపము పేరు వినియే ఇంగ్లీషు విద్యార్థులు పారిపోదురు. జరిగినదానిని చెప్పుటకు ఒక రూపము. జరుగవలెననియో, జరుగునేమోననియో కోరుట, శంకించుట, భయపడుట వంటివానికి వేరొక రూపము. 'వీవ్ లె ర్వా' యనగా రాజు జీవించుచున్నాడని కాదు, జీవించుగాక యని. 'శుభమగుగాక' అను మనకు భావము పరిచితమే. వాడుకలో ఎచటెచట వచ్చునో వినగా వినగా కుదురుకొనును. ధాతువిశేషణము ముందున్న కర్మతో లింగవచనములయందు ఏకీభవించు సూత్రము మాత్రము పెద్ద చిక్కు. 'నేను ఉత్తరములు వ్రాసితిని' అన్న మార్పు లేదు. 'నేను వ్రాసిన ఉత్తరములు' అన్న మార్పు కలదు. పదునారవ శతాబ్దమున క్లెమాఁ మారో అను కవి ఇటలీ భాషను చూచి దీనిని ప్రచారము చేసెనని ప్రసిద్ధి. ఫ్రెంచివారే ఇందు తరచుగా తప్పుదురు గనుక, ఆరంభదశలో దీనికై నిద్ర చెడగొట్టుకొనుట అనవసరమని మా యభిప్రాయము. ఫ్రెంచి అకాడమీ 1635లో స్థాపితమైనను, తన వ్యాకరణమును అచ్చువేయుటకు 1932 వరకు ఆగినది. అంతకు నాలుగువందల యేండ్లముందే, 1530లో, ఫ్రెంచికి మొదటి పెద్ద వ్యాకరణములలో నొకదానిని లండనులో అచ్చువేయించినవాడు జాన్ పాల్స్‌గ్రేవ్ అను ఇంగ్లీషువాడు. ఎనిమిదవ హెన్రీ చెల్లెలు మేరీ ఫ్రెంచి రాజును 1514లో వివాహమాడినది. ఆమెకు ఆ భాష నేర్పిన గురువు ఈయనయే. భాషలో పుట్టినవానికి వ్యాకరణము కనబడదు, తడబడినవానికే కనబడును.

పెద్దల సలహాపై మేము పుస్తకమును కొన్ని నెలలు మూసి, రాత్రులు పని ముగిసిన పిదప ఫ్రెంచి వార్తలు వినుట మొదలిడితిమి. అర్థమునకై తొందరపడవలదనియు, నామములకు ముందు వచ్చు చిన్న మాటలనే పట్టుకొమ్మనియు వారి యాదేశము. మొదటి వారము ఏమియు తెలియలేదు. పదునొకండవ రాత్రి, గరగర ధ్వనుల నడుమ, ఒక వాక్యములో 'లే' స్పష్టముగా వినబడినది. వెంటనే ఒక 'జ' కారమును లేచినది. ఏవో అనేకములు ఎచటికో వచ్చినవని నిశ్చయముగా తెలిసినది. అవి యేవో మాత్రము తెలియలేదు. ఆ సంగతినే కార్డుపై వ్రాసి యానామునకు పంపితిమి.